చెవిపురుగులకు పెట్టిన తవుడు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు జరిగిన సంగతి ఇది. ఏలూరులో తమ్మిలేటి గట్టుకు దగ్గరగా ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుని పురుషోత్తం, భార్య శకుంతల, తల్లి నాంచారమ్మ కాపురం ఉండేవారు. పురుషోత్తం కలెక్టరాఫీసులో గుమాస్తా. ఇల్లు ఇరుకే గానీ వెనక పెరడు పెద్దది. పిల్లలు లేని శకుంతలకు ఆ పెరడే కాలక్షేపం, ఆ పెరడే గొప్ప. బెండ, వంగ, తోటకూర, పందిరి మీద పొట్ల, గోడ వార చామంతులు. ఆమె కూర బజారులో కొనడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా మొదలై కుండపోతగా కురిశాయి. కొల్లేరు నిండిపోయి లోపలికి నీరు తీసుకోవడం మానేసింది. తమ్మిలేటి నీళ్ళు ఎటూ పోక పెరళ్ళలోకి ఎక్కి, నాలుగు వేళ్ళ మందాన ఒండ్రు వదిలి వెళ్ళాయి. ఒండ్రు ఎండి బీటలు తీస్తే మొక్కల వేళ్ళు తెగుతాయని శకుంతల భయపడింది. కొల్లేటి పక్క నుంచి బండి మీద తుంగా నాచూ తెచ్చి అమ్మే అప్పన్నను పిలిచి, బండెడు దింపించి, మొక్కల మొదళ్ళ చుట్టూ దట్టంగా పరిపించింది. అడుగున తేమ నిలిచి మొక్కలు ఏపుగా లేచాయి. ఆమె సంతోషం అంతా ఇంతా కాదు.

ఆశ్వయుజం వచ్చేసరికి ఆకులు చిరగడం మొదలైంది. లేత బెండాకులకి అంచులు కొరికినట్టు కంతలు. విచ్చుకోబోయే చామంతి మొగ్గలకి రేకులు సగం సగం తెగి ఉండేవి. పగలు ఎంత వెతికినా ఆకు మీద పురుగు కనబడదు. గొంగళి అయితే రెట్ట ఉండాలి, నత్త అయితే మెరిసే చార ఉండాలి. రెండూ లేవు. చివరికి ఒక సాయంత్రం దీపాలవేళ లాంతరు పట్టుకుని వెళ్ళి చామంతుల దగ్గర కూర్చుంటే అప్పుడు కనిపించాయి. చింతగింజ రంగులో నున్నగా మెరుస్తూ, పల్చగా, వేలి కణుపంత పొడవున, తోక చివర చిన్న పట్టకారు పెట్టినట్టు రెండు కొమ్ములు. ముట్టుకుంటే తోక పైకెత్తి ఆ పట్టకారుతో నొక్కబోయాయి. కొన్నిటికి ఆ కొమ్ములు కొడవలిలా వంకరగా ఉన్నాయి, కొన్నిటికి తిన్నగా ఉన్నాయి. మర్నాడు తుంగ ఎత్తి చూస్తే అడుగున కుప్పలు కుప్పలుగా పరిగెత్తాయి.

పక్కింటి రామలక్ష్మి గోడ మీంచి చూసి, అది చెవిపురుగు అంది. నిద్రలో ఉన్నవాళ్ళ చెవిలో దూరి మెదడు తొలుస్తుందిట, వాళ్ళ ఊళ్ళో ఎవరో అలాగే పోయారుట. శకుంతల నమ్మలేదు. చీకటీ చెమ్మా ఎక్కడుంటే అక్కడ దూరే పురుగు ఇది, మనిషి చెవి దీనికెందుకు అనుకుంది. ఒకచోట తుంగ కింద గుంటలో తెల్లగా ఆవగింజలంత గుడ్లు, వాటి మీద పొదిగినట్టు ఒక పురుగు కనిపించాయి. పుల్లతో గుడ్లు చెదిరిస్తే ఆ పురుగు పారిపోకుండా ఒక్కొక్క గుడ్డే నోట కరుచుకుని మళ్ళీ గుంటలోకి చేర్చుకుంది. శకుంతల చాలాసేపు చూసి, ఆ ఒక్కదాన్నీ చంపకుండా తుంగ కప్పేసి వచ్చింది.

మిగిలినవాటిని వదల్లేదు. తడిపిన గోనెగుడ్డలు చుట్టలు చుట్టి, బోలు వెదురు ముక్కలు కోసి, సాయంత్రం పూట మొక్కల మధ్య పడుకోబెట్టేది. తెల్లవారేసరికి పురుగులు వాటిలో దాక్కునేవి. వాటిని కిరసనాయిలు కలిపిన నీళ్ళ బాల్చీలోకి దులిపేది. నిదానమైన పనే గానీ చిరుగులు తగ్గుతున్నాయి. ఇంకో నెల ఓపిక పడితే చామంతులు దక్కుతాయని ఆమె నమ్మకం.

ఆ ఓపిక అత్తగారికి లేకపోయింది.

నాంచారమ్మకు డెబ్భై దాటాయి. చూపు మసక, ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడి చెవి కూడా గట్టిగా అరిస్తేగాని పనిచేయదు. దానికి తోడు షుగరు జబ్బు. డాక్టరు తీపి ముట్టనివ్వద్దన్నాడు. ఆవిడకేమో బెల్లం అంటే ప్రాణం. కూతురు శాంతకుమారి తాడేపల్లిగూడెం నుంచి వచ్చినప్పుడల్లా రహస్యంగా ఒక అచ్చు తెచ్చి ఇచ్చేది. మిగతా రోజుల్లో శకుంతల బెల్లం డబ్బా అటక మీద పెట్టి నిచ్చెన దాచేది. దాని మీద అత్తాకోడళ్ళకి రోజూ ఏదో ఒక మాట. ఒకసారి విసుగెత్తి శకుంతల, ఈ బెల్లం పిచ్చి ఎప్పుడో మీ ప్రాణం మీదికి తెస్తుంది అని కేక పెట్టింది. అత్తగారికి వినబడాలంటే కేక పెట్టక తప్పదు. ఆ కేక గోడ అవతల రామలక్ష్మికీ వినబడేది.

కార్తీకం వచ్చింది. నాంచారమ్మకు నలభై ఏళ్ళుగా కార్తీకం నెల్లాళ్ళూ నక్తాలు. పగలంతా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. చుక్క కనబడ్డాక ఇంత ఉప్పిండో, పండో తిని పడుకుంటుంది. షుగరు మనిషికి కటిక ఉపవాసాలు వద్దని డాక్టరూ చెప్పాడు, కొడుకూ చెప్పాడు. వింటేనా. ఆ ఉపవాసాల గురించి శాంతకుమారి గూడెంలో పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేది.

ఆ రోజుల్లోనే ఆవిడకు చెవిలో హోరు మొదలైంది. లోపల ఏదో పాకుతోందని ఏడ్చేది. రామలక్ష్మి మాట ఎలాగో ఆవిడ చెవిన పడనే పడింది. ఇంకేముంది, కోడలి తోటలోంచి పురుగు వచ్చి తన చెవిలో దూరిందని తేల్చేసింది. నూనె గోరువెచ్చగా పోశారు, ఏమీ రాలేదు. డాక్టరు దీపం వేసి చూసి, పురుగూ లేదు గిరుగూ లేదు, వయసు హోరు అన్నాడు. ఆవిడ నమ్మలేదు. రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని గోడకు ఆనుకుని కూర్చునేది.

"నీ తోట నా చెవి తినేసిందే. ఇక మిగిలింది బుర్ర. అదీ తిననీ," అనేది కోడలితో.

రోజూ ఇదే వింటూ పురుషోత్తం విసిగిపోయాడు. ఆఫీసులో అతనికి వెంకట్రాజు అని ఒక స్నేహితుడు ఉండేవాడు. ఉండి అనే ఊరి దగ్గరి వాడు, వ్యవసాయ శాఖలో రైతులకు కొత్త పద్ధతులు చేసి చూపే డిమాన్‌స్ట్రేటరు. అతణ్ణి అడిగితే, పొలాల్లో పురుగులకి వాడే పచ్చటి పొడి ఒక పొట్లం ఇచ్చాడు. తవుట్లో బెల్లపు నీళ్ళతో కలిపి ఎరగా పెట్టాలి, పురుగులు తిని చస్తాయి, అది పాషాణం జాగ్రత్త అని చెప్పాడు. ఇంకా కొన్ని చెప్పాడు. పురుషోత్తం తల ఊపుతూ విన్నాడు.

అతను ఇల్లు చేరేసరికి తల్లి చెవి పట్టుకుని మూలుగుతోంది. శకుంతల మొహం గంటు పెట్టుకుని ఉంది. నూనె కాచి, తల్లి పక్కన కూర్చుని, ఆవిడ తిట్లు విని లేచేసరికి అతని ప్రాణం విసిగింది. పొట్లం భార్య చేతికిచ్చి, తవుడూ బెల్లమూ కలిపి చీకటి పడ్డాక మొక్కల కింద పెట్టమన్నాడు. వంటగిన్నెలు వాడద్దు, చేతులు సబ్బుతో కడుక్కో అన్నాడు. అంతే చెప్పాడు.

శకుంతలకు ఇష్టం లేదు. గోనెగుడ్డలతో తగ్గుతున్నాయి కదండీ అంది. "అమ్మ నోరు మూయించాలంటే ఇదే దారి. నా కోసం ఈ ఒక్కసారి చెయ్యి," అన్నాడు అతను. చేసింది. పాత మూకుట్లో కలిపి, కొబ్బరిచిప్పల్లో ముద్దలు ముద్దలుగా పెట్టి, చామంతుల కిందా బెండ మొక్కల కిందా ఉంచింది. మూకుడు గొయ్యి తీసి పాతేసింది. లోపలికి వచ్చి అత్తగారి కుడిచెవి దగ్గర వంగి, పెరట్లో చిప్పల్లో బెల్లం కలిపిన తవుడు ఉంది, అది విషం, పురుగులకి పెట్టాను, మీరు అటు వెళ్ళకండి అని గట్టిగా చెప్పింది. చెవిలో నూనె దూది ఉంది. ఆవిడ మొహం చిట్లించి, "సరేలే, సరేలే," అంది. వినబడనివాళ్ళు ఏం చెప్పినా అలాగే అంటారు. దూది తీసి మళ్ళీ చెబుదామనుకుంది శకుంతల. దూది ముట్టుకుంటే ఆవిడ మళ్ళీ ఏడుపు మొదలెడుతుందని ఊరుకుంది.

గోడ అవతల రామలక్ష్మికి ఆ కేకల్లో బెల్లం అన్న మాట ఒక్కటే తెలిసింది. రోజూ ఉండే గొడవే అనుకుని తలుపేసుకుంది.

తెల్లవారుఝామున నాంచారమ్మ ఎప్పటిలాగే నూతి దగ్గర తలస్నానం చేసి, తులసికోట దగ్గర దీపం పెట్టి, పూలకోసం పెరట్లో తిరిగింది. శకుంతల పొయ్యి రాజేస్తోంది. పొగలోంచి అత్తగారు చామంతుల దగ్గర వంగి ఉండటం కనిపించింది. పూలు కోస్తోంది అనుకుంది. చిప్పల సంగతి తట్టి, అత్తయ్యగారూ, అటు కాదు అని కేకేసింది. ఆవిడ వెనక్కి తిరగలేదు. శకుంతల లేచి వెళ్ళేసరికి ఆవిడ సజ్జతో ఎదురొచ్చింది. సజ్జలో పూలు ఉన్నాయి. మొహం మామూలుగానే ఉంది. శకుంతల స్థిమితపడి, చిప్పలు తర్వాత తీద్దాం అనుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

పొద్దెక్కాక వాంతులు మొదలయ్యాయి, వెంటనే విరేచనాలు. వరదలు తీసిన ఊరు కాబట్టి కలరా అనుకున్నారు. పురుషోత్తం డాక్టరు కోసం పరిగెత్తాడు. శకుంతల అత్తగారి తల ఒళ్ళో పెట్టుకుని, ఏమైనా తిన్నారా అని చెవిలో అడిగింది. ఆవిడ అడ్డంగా తల ఊపింది. "కార్తీకంలో ఏం తింటానే? చుక్కన్నా చూడందే," అంది. శకుంతల నమ్మింది. ఆ ఉపవాసం మీద ఆమెకూ గురి ఉంది.

డాక్టరు వచ్చి కలరా మందే ఇచ్చి వెళ్ళాడు. ఆయన వెళ్ళాక మరోసారి వాంతి అయింది. పళ్ళెం కడగబోతూ శకుంతల అందులో తవుటి పొట్టు చూసింది. పళ్ళెం అక్కడే వదిలి పెరట్లోకి పరిగెత్తింది. చామంతుల కింద ఉన్న చిప్పలు నాకినట్టు ఖాళీగా ఉన్నాయి. బెండ మొక్కల కిందవి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

ఆమె ఒక్క క్షణం కూడా దాచలేదు. లోపలికి వచ్చి మొగుడితో చెప్పింది. జట్కా కట్టించుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయి అక్కడి డాక్టరుతోనూ చెప్పింది, తవుడు కలిపింది నేనే, పెట్టింది నేనే అని. కడుపు కడిగారు. చాలా ఆలస్యమైందన్నారు.

మధ్యాహ్నం పురుషోత్తం అక్కగారికి తంతి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నాంచారమ్మకు కాస్త తెలివొచ్చింది. చెవిలో దూది ఎక్కడో ఊడిపోయింది. కోడలి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. ఆవిడ చేతులు అప్పటికే చల్లబడుతున్నాయి.

"వాసనొచ్చిందే. బెల్లం వాసన. నిలవలేకపోయాను," అంది. గొంతు పీలగా ఉంది.

"మాట్లాడకండి అత్తయ్యగారూ."

"శాంతకి చెప్పకు. ఎవరికీ చెప్పకు, కార్తీకంలో తిన్నానని. పరువు పోతుంది. ఒట్టెయ్యి."

శకుంతల ఒట్టేసింది. ఆ మనిషి బతికుంటే చాలు, ఏ ఒట్టయినా వేసే స్థితిలో ఉంది ఆమె. పొద్దుగుంకకముందే నాంచారమ్మ ప్రాణం పోయింది.

పోలీసు జమాదారు వచ్చి అడిగాడు. ఎర పెట్టిన సంగతి చెప్పి, చూపు ఆనక పొరపాటున తిని ఉంటుంది అంది శకుంతల. ప్రమాదం అని రాసుకుని వెళ్ళాడు. సర్కారు వరకు సంగతి అక్కడితో తీరిపోయింది. ఊరికి అక్కడే మొదలైంది.

శాంతకుమారి సాయంత్రం బండికి దిగి తల్లి శవం మీద పడి ఏడ్చింది. పదో రోజు దాకా మరదలితో ఒక్క మాట మాట్లాడలేదు. ఈలోగా రామలక్ష్మి పరామర్శకు వచ్చి, పాపం పెద్దావిడతో రోజూ బెల్లం దగ్గర గొడవే, ప్రాణం మీదికి తెస్తుందని కోడలు అంటూనే ఉండేది, చివరికి అదే అయింది అంది. ఆమె మనసులో విషం ఉందో లేదో గాని మాట విషంలాగే పనిచేసింది. పదోరోజు భోజనాల తర్వాత బంధువులంతా వసారాలో ఉండగా శాంతకుమారి లేచి శకుంతల ఎదుట నిలబడింది. గొంతు పెంచలేదు.

"బతికినన్నాళ్ళూ మా అమ్మకి బెల్లంముక్క పెట్టలేదు. చివరికి పెట్టావు, విషం కలిపి పెట్టావు."

"వదినగారూ, నేను పెట్టింది పురుగులకి. అత్తయ్యగారికి చెప్పాను కూడా."

"చెప్పావో లేదో నీకు తెలియాలి. నలభై ఏళ్ళు కార్తీకంలో పగటిపూట గుక్కెడు నీళ్ళు తాగని మనిషి, పొద్దున్నే తులసమ్మకి దీపం పెట్టి, ఆ తడిబట్టలతో తోటలో దొంగతిండి తింటుందా? ఎవరు నమ్ముతారు?"

శకుంతలకు చెప్పడానికి మాట ఉంది. ఒట్టు అడ్డంపడింది. చచ్చి పదిరోజులే అయింది, ఆవిడ పరువు ఈ వసారాలో పదిమందిలో తీయనా అనుకుంది. భర్త వైపు చూసింది. ఆయనైనా ఏదో ఒకటి అంటాడని చూసింది. పురుషోత్తం తల వంచుకుని ఉంగరం వేలి దర్భను తిప్పుకుంటూ కూర్చున్నాడు. దాంతో చూస్తున్నవాళ్ళందరికీ అర్థం కావలసింది అర్థమైపోయింది.

బంధువులు వెళ్ళాక ఇల్లు బావురుమంది. వీధిలో ఆడవాళ్ళు పలకరించడం మానేశారు. పాలవాడు చెంబు గుమ్మం బయటే పెట్టి వెళ్ళేవాడు. పేరంటాలకు పిలుపులు లేవు. శకుంతల పెరట్లోకి వెళ్ళలేదు. నీళ్ళు లేక బెండ మొక్కలు వాడాయి. చామంతులు ఎవరూ కోయక మొక్కల మీదే కుళ్ళాయి.

అలా ఉండగా ఒకరోజు పొద్దున, పురుషోత్తం ఆఫీసుకు వెళ్ళాక, వెంకట్రాజు వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా అరుగు కింద నిలబడ్డాడు. మనిషి నలిగిపోయి ఉన్నాడు. ఆ పొడి ఇచ్చింది తనే కాబట్టి నిద్రపట్టడం లేదన్నాడు. పురుషోత్తం ఆఫీసులో తన ఎదుట పడటం లేదన్నాడు.

"ఒక్కటే అడుగుతానమ్మా. ఏమీ అనుకోకండి. చిప్పలు తెల్లవారకముందే ఎందుకు తీయలేదండి?"

"తీయాలని నాకెవరు చెప్పారండి?"

వెంకట్రాజు ఆమె మొహం చూసి మెల్లగా చెప్పాడు. పురుషోత్తానికి అన్నీ చెప్పాడట. చీకటిపడ్డాక పెట్టి, కోడికూతకే చిప్పలు ఎత్తి పాతెయ్యాలని, ఇంట్లో పిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటే అసలు పెట్టొద్దని. ఇంట్లో పిల్లలు లేరు, అమ్మ తోటలోకి రాదు అన్నాడట పురుషోత్తం. పెరడు ఎలా ఉందో చూడనివ్వమని అడిగి, తుంగ పరిచి ఉండటం చూసి వెంకట్రాజు ఇంకా కుంగిపోయాడు. పురుగు పుట్టిల్లు ఇదేనమ్మా, ఇది ఊడ్చేసి నాలుగు రోజులు నేల ఎండనిస్తే మందుతో పనే లేకపోయేది, నేనే వచ్చి చూసి ఇవ్వాల్సింది అన్నాడు. కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పురుషోత్తం కాళ్ళు కడుక్కుని వచ్చేదాకా శకుంతల ఆగింది. కంచం పెట్టలేదు.

"వెంకట్రాజుగారు వచ్చారండి. కోడికూతకే తీసెయ్యమని మీకు చెప్పారట."

అతను కండువా తీసి దండెం మీద వేశాడు. అటు తిరిగే అన్నాడు: "చెప్పాడు. ఇంటికి వచ్చేసరికి అమ్మ ఏడుస్తోంది. మర్చిపోయాను."

"మర్చిపోతే మర్చిపోయారు. మనుషులం. పదోరోజు వసారాలోనైనా ఆయన మాట గుర్తుందా మీకు?"

"గుర్తుంది."

"మరి?"

"చెబితే అమ్మని నేను చంపినట్టవుతుంది శకుంతలా."

"చెప్పకపోతే నేను చంపినట్టయింది కదండీ."

ఆ మాటకు అతను పీట మీద కూలబడి ఏడ్చాడు. తల్లి పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. శకుంతల ఓదార్చలేదు. ఓదార్చాలని చెయ్యి లేచింది గానీ మళ్ళీ దించేసుకుంది.

ఆదివారం పొద్దున్నే అతను రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాడు. అక్కగారి ఇంటి నడవలో బావగారి ముందూ, మేనల్లుళ్ళ ముందూ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తప్పు తనదే అన్నాడు. శాంతకుమారి అంతా విని, ఒక్క చుక్క కన్నీరు కార్చకుండా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందా తమ్ముడూ అని అడిగింది. పెళ్ళాన్ని ఊరంతా వెలేస్తే, ఆ మాట నీ మీద వేసుకుందామని వచ్చావు. మంచివాడివే. కానీ నేను చిన్నపిల్లను కాను. చిప్పలు ఎప్పుడు తీయాలో ఎవరు మర్చిపోయారన్నది కాదు నేను అడిగింది. ఉపవాసంలో ఉన్న మా అమ్మ దాన్ని ఎలా నోట పెట్టుకుంది? ఆ ఒక్కటీ చెప్పు, నీ పెళ్ళాం కాళ్ళు కడుగుతాను అంది.

పురుషోత్తం కండువా తీసుకుని లేచాడు.

సాయంత్రం బండికి తిరిగొచ్చాడు. జరిగింది చెప్పాడు. ఇంక ఈ మాట అక్కడితో ఆగుతుందేమో అనుకుంది శకుంతల. అతను లేచి నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, ఆమె మొహం చూడకుండా అడిగాడు.

"నిజంగా అమ్మ తనంతట తనే తిన్నదా?"

శకుంతలకు ఆసుపత్రిలో చల్లబడిన ఆ చెయ్యి, ఆ పీలగొంతు మొత్తం గుర్తొచ్చాయి. చెప్పేద్దామనుకుంది. నోరు తెరిచింది కూడా. అప్పుడు ఆమెకు ఇంకొకటి తట్టింది. అత్తగారు ఆ మాట అన్నప్పుడు వినడానికి మూడో మనిషి లేడు. మొదటి రోజే చెప్పి ఉంటే నిజం అయ్యేది. ఇప్పుడు చెబితే చచ్చిన మనిషి మీద వేసిన నింద అవుతుంది. నమ్మని మొగుడికి నిరూపించడానికి అత్తగారి పరువు బజారుకెక్కించి, అప్పటికీ నమ్మించలేకపోతే ఇంక మిగిలేదేమీ లేదు.

"మీరు అడగాల్సిన మాట కాదండి అది," అని మాత్రం అంది. లేచి వంటింట్లోకి పోయింది. అతను మళ్ళీ అడగలేదు. ఆ తరవాత వాళ్ళు బతికిన బతుకంతా ఆ అడగకపోవడంలోనే గడిచింది.

కొన్నాళ్ళకు పురుషోత్తం అడిగి భీమడోలుకు బదిలీ చేయించుకున్నాడు. ఏలూరు ఇల్లు ఖాళీ చేసే ముందు శకుంతల ఒంటరిగా పెరట్లోకి దిగి, కుళ్ళిన తుంగంతా పారతో ఎత్తి ఎండలో ఆరబోసి నిప్పు పెట్టింది. తరవాత అద్దెకు వచ్చేవాళ్ళకు పురుగు బాధ ఉండకూడదని. భీమడోలు ఇంటికీ పెరడు ఉండేది. అందులో ఆమె ఏమీ వేయలేదు. కూరలు బజారు నుంచే వచ్చేవి.

నాంచారమ్మ సంవత్సరీకం వచ్చింది. తల్లి తద్దినం కొడుకు ఇంట్లో, కోడలు మడి కట్టుకుని వండిన వంటతో జరగాలి. నెల ముందే శాంతకుమారి మనిషి చేత కబురు పంపింది. ఆ చేతి వంట మా అమ్మకు పెట్టడానికి వీల్లేదు, తద్దినం మా ఇంట్లో పెట్టుకో, వంట నేను చేయిస్తాను అని. పురుషోత్తం ఆ కబురు భార్యకు చెప్పి, ఏమంటావని అడిగాడు. వెళ్ళిరండి అంది.

అతను ముందురోజే రైలెక్కాడు. ఆ ఏడే కాదు, ఏటేటా అంతే. తద్దినం రోజు శకుంతల తెల్లవారుఝామునే తలస్నానం చేసి, పొయ్యి వెలిగించకుండా, గుక్కెడు నీళ్ళయినా ముట్టకుండా, చుక్క పొడిచేదాకా గుమ్మంలో కూర్చునేది. ఎందుకు ఉపవాసం ఉంటున్నావని ఇరుగుపొరుగు అడిగితే మా అత్తగారికి కార్తీకంలో నక్తాలు ఉండటం అలవాటండి అని చెప్పేది. అంతకుమించి ఆమె నోట ఎవరూ ఏమీ వినలేదు.